నిప్పు అడిగే చెట్ల దగ్గరికి, బాబాయ్‌తో

మొదటి రోజు

మా బాబాయ్ ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైరైన మనిషి, సర్వీసులో సగానికి పైగా నల్లమలలోనే గడిచింది. కాలిఫోర్నియా బే ఏరియాలో మా ఇంటికొచ్చిన రోజు నుంచీ ఒకటే పాట, బ్రిడ్జీలొద్దు, వేగాస్ వద్దు, "ఆ పెద్ద చెట్లున్నాయంట గదరా, అవి చూపించు చాలు" అని. సరే అని జూన్ మొదట్లో నేను, మా ఆవిడ, బాబాయ్, పిన్ని కారేసుకుని బయల్దేరాం.

ముందు ఒక విషయం, ఎందుకంటే ఇది మా ఇంట్లోనే పెద్ద కన్‌ఫ్యూజన్ అయింది. కాలిఫోర్నియాలో పెద్ద చెట్లంటే రెండు రకాలు. సముద్రం పక్కన పొగమంచులో పెరిగేవి కోస్ట్ రెడ్‌వుడ్‌లు, అవి పొడుగు, హైపీరియన్ అనే చెట్టు ఐతే 380 అడుగులు. మేము వెళ్ళింది రెండో రకానికి, జెయింట్ సెకోయాలు. ఇవి సియెర్రా నెవాడా కొండల పడమటి వాలు మీద, సుమారు 5,000 నుంచి 7,000 అడుగుల ఎత్తులో, అక్కడక్కడా గుంపులు గుంపులుగా తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగవు. ఇలాంటి గుంపుని గ్రోవ్ అంటారు, మొత్తం కలిపితే ఓ డెబ్బై ఐదు దాకా ఉంటాయి. పొడుగులో రెడ్‌వుడ్ కంటే తక్కువే, వయసులో బ్రిసిల్‌కోన్ పైన్ దగ్గర చిన్నపిల్లలే, కానీ మానులో ఉన్న కలప లెక్క కడితే మాత్రం వీటిని కొట్టిన చెట్టు లేదు.

దారి గురించి చెప్పటానికి పెద్దగా ఏం లేదు. 99 హైవే మీద గంటలకొద్దీ బాదం తోటలు, ద్రాక్ష తోటలు, లారీలు. వైసేలియా దగ్గర 198 ఎక్కాక నారింజ తోటలొచ్చాయి, తర్వాత కవీయా చెరువు, ఎండిన గడ్డితో పసుప్పచ్చగా ఉన్న గుట్టలు, మధ్యమధ్యలో ఓక్ చెట్లు. బయట ఎండ మాడ్చేస్తోంది. "ఎక్కడ్రా అడవి, ఇదంతా మన రాయలసీమ లాగుందే" అని బాబాయ్ నీరసపడిపోయాడు. అడవి పైనుంది బాబాయ్, రేపు ఎక్కుతాం అని చెప్పి త్రీ రివర్స్ అనే ఊళ్ళో నది పక్కన మోటెల్‌లో దిగాం. రాత్రంతా కవీయా నది హోరు, మంచు కరిగే రోజులు కదా, నీళ్ళు మంచి జోరు మీదున్నాయి.

రెండో రోజు

పొద్దున్నే గేటు దగ్గర కారుకి 35 డాలర్లు కట్టాం, ఆ టికెట్ ఏడు రోజులు చెల్లుతుంది, పక్కనున్న కింగ్స్ క్యానియన్ పార్కుకి కూడా అదే. సెకోయా నేషనల్ పార్కు 1890 సెప్టెంబర్ 25న పెట్టారు, అమెరికాలో మొట్టమొదటి నేషనల్ పార్కుల్లో ఒకటి.

గేటు దగ్గర 1,700 అడుగుల ఎత్తు, పైన సెకోయాలుండే జయంట్ ఫారెస్ట్ దగ్గర 6,400. ఆ ఎత్తంతా ఒకే రోడ్డు మీద మెలికలు తిరుగుతూ ఎక్కాలి, పొడుగు బళ్ళని అసలు రావద్దనే చెప్తారు. పిన్ని కళ్ళు మూసుకుని విష్ణు సహస్రనామం మొదలెట్టింది. మధ్యలో హాస్పిటల్ రాక్ అని ఆగాం, పెద్ద బండ, దాని మీద ఎర్ర రంగుతో పాత బొమ్మలు, దగ్గర్లో బండల్లో డెబ్బై దాకా గుంటలు. ఇక్కడ ముందు నుంచీ ఉన్న జనం ఓక్ కాయల్ని పిండి కొట్టుకున్న గుంటలవి. పిన్ని కళ్ళు తెరిచి శ్రద్ధగా చూసింది ఆ రోజు మొత్తం మీద ఇదే, "ఎంతమంది ఆడాళ్ళు కూచుని దంచుంటారో" అంది.

తర్వాత ఓక్ చెట్లు పోయి పైన్లు, ఫర్ చెట్లు మొదలయ్యాయి, గాలి చల్లబడింది. ఇవే చాలా పెద్దవి, మా ఆవిడ రెండుసార్లు "ఇదేనా, ఇదేనా" అనడిగింది. కాదు. ఒక మలుపు తిరగ్గానే రోడ్డు నాలుగు మానుల మధ్యలోంచి పోతుంది, దాల్చినచెక్క రంగులో. ఫోర్ గార్డ్స్‌మెన్ అంటారు వాటిని. అప్పుడు ఎవరూ "ఇదేనా" అనలేదు. ఇంతవరకూ మేం చూసినవి చెట్లైతే వీటిని ఏమనాలో తెలియట్లేదు, ఎందుకంటే పక్కనే ఉన్న పైన్ చెట్టు, మామూలుగా ఐతే మనం తలెత్తి చూసేది, ఇక్కడ మొక్కలా ఉంది. 2021లో కేఎన్‌పీ కాంప్లెక్స్ అనే కార్చిచ్చు వచ్చినప్పుడు ఈ నాలుగింటి మొదళ్ళకీ, కలప లెక్కలో ప్రపంచంలోనే పెద్ద చెట్టైన జనరల్ షెర్మన్‌కీ అల్యూమినియం రేకు లాంటి దుప్పటి చుట్టారు, ఆ ఫొటోలు అప్పట్లో ప్రపంచమంతా తిరిగాయి.

జయంట్ ఫారెస్ట్ మ్యూజియంలో గంట గడిపాం, బాబాయ్ ఒక్క బోర్డు కూడా వదల్లేదు. ఒకప్పుడు ఈ చెట్ల మధ్యనే హోటల్, క్యాబిన్లు, పెట్రోల్ బంకు, అన్నీ ఉండేవట. సెకోయా వేర్లు లోతుకి పోవు, పది పదిహేను అడుగులే, కానీ చుట్టూ వంద అడుగుల పైన పాకుతాయి, తల్లివేరు ఉండదు. ఆ వేర్ల మీద జనం, కార్లు, కట్టడాలు. చివరికి 1990ల చివర్లో రెండొందలకి పైగా కట్టడాల్ని పీకేసి అడవికి వదిలేశారు. మిగిలిన కొద్ది కట్టడాల్లో ఒక పాత కొట్టే ఈ మ్యూజియం. పీకేయటం మామూలు విషయం కాదు అన్నాడు బాబాయ్, "గవర్నమెంట్ ఒకసారి కట్టిందంటే అది కూలేదాకా అక్కడే ఉంటది."

అక్కణ్ణుంచి ఫ్రీ షటిల్ బస్సెక్కి షెర్మన్ చెట్టుకి. పార్కింగ్ పైన ఉంటుంది, అర మైలు కిందికి దిగాలి, దిగేటప్పుడు హాయిగానే ఉంటుంది, తిరిగి ఎక్కేటప్పుడు 7,000 అడుగుల ఎత్తులో ఊపిరి అందక తెలుస్తుంది. పిన్నికి మోకాళ్ళు కాబట్టి కింద ఉన్న ఇంకో స్టాప్‌కి షటిల్‌లో పంపాం, మా ఆవిడ తోడెళ్ళింది.

జనరల్ షెర్మన్ అంకెలు: ఎత్తు 275 అడుగులు, నేల దగ్గర అడ్డం 36 అడుగుల పైన, చుట్టుకొలత 102 అడుగులు, మానులో కలప 52,500 ఘనపుటడుగులు. వయసు రెండు వేల ఏళ్ళ పైమాటే. మొదటి పెద్ద కొమ్మ నేల నుంచి 130 అడుగుల ఎత్తులో ఉంది. 2006లో దీని కొమ్మ ఒకటి విరిగిపడింది, అడ్డం ఆరడుగుల పైన, పొడుగు వంద అడుగుల దాకా, అంటే ఆ కొమ్మే మామూలు అడవిలో మహావృక్షం. తల ఎప్పుడో ఎండిపోయింది కాబట్టి ఎత్తు పెరగదు, కానీ ఇంకా లావెక్కుతూనే ఉంది.

ఐతే నిజం చెప్పాలంటే, ఈ చెట్టు ముందు నిలబడితే ఇది అంత పెద్దదని అనిపించదు. చుట్టూ ఉన్నవి కూడా పెద్దవే, కంటికి కొలత దొరకదు. ఫొటో తీస్తే ఇంకా దండగ, మనిషి పడితే చెట్టు పట్టదు, చెట్టు పడితే మనిషి కనపడడు. దిగే దారిలో ఒకచోట చెట్టు మొదలు ఎంత వెడల్పో నేల మీదే పరిచి చూపించారు, బాబాయ్ అక్కడ ఆగి బారలు లెక్కపెట్టాడు. డిపార్ట్‌మెంట్‌లో చెట్టుని ఛాతి ఎత్తులో టేపు చుట్టి కొలుస్తారు, ఆ అలవాటు. "నా సర్వీసులో నేను కొలిచిన టేకు చుట్టుకొలతలన్నీ ఈ ఒక్క దాంట్లో పెట్టి ఇంకా చోటు మిగులుద్ది" అన్నాడు. కొంచెం ఎక్కువ చెప్పాడు గానీ ఆయన మొహం చూసి నేనేం అనలేదు.

ఈ చెట్టుకి ఇంకో పేరు కూడా ఉండేది, అది చెప్తే బాబాయ్ పగలబడి నవ్వాడు. 1880ల్లో శాన్ ఫ్రాన్సిస్కో నుంచి కవీయా కాలనీ అని కొంతమంది సోషలిస్టులొచ్చి ఇక్కడ సమష్టి ఊరు పెట్టుకుని, చేత్తో కొండ మీదికి రోడ్డు కూడా తవ్వుకున్నారు. వాళ్ళు ఈ చెట్టుని కార్ల్ మార్క్స్ చెట్టు అనేవాళ్ళు. 1890లో పార్కు వచ్చాక వాళ్ళ కథ ముగిసింది, చెట్టుకి సివిల్ వార్ జనరల్ పేరు స్థిరపడింది. కాలేజీ రోజుల్లో ఎర్రజెండా పట్టిన మనిషి కదా మా బాబాయ్, వెళ్ళేటప్పుడు పిడికిలి బిగించి చెట్టుకి చిన్న లాల్ సలాం చెప్పి వచ్చాడు, చుట్టూ ఉన్నవాళ్ళకి ఏం అర్థం కాలేదు.

షెర్మన్ చూసి జనం వెనక్కి పోతారు, మీరు మాత్రం అక్కడే మొదలయ్యే కాంగ్రెస్ ట్రెయిల్‌లోకి నడవండి. మూడు మైళ్ళు కూడా ఉండదు, తారు దారి, పది నిమిషాల్లో జనం మాయమైపోతారు. ప్రెసిడెంట్ అనే చెట్టు దాదాపు 3,200 ఏళ్ళదట, నాకు షెర్మన్ కంటే ఇదే నచ్చింది. సెనేట్ అని, హౌస్ అని గుంపులున్నాయి, వాటి మధ్య నిలబడి మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూశాం. ఇక్కడ కంచె లేని చెట్ల బెరడు ముట్టుకోవచ్చు, పీచు పీచుగా మెత్తగా ఉంటుంది, వేలితో నొక్కితే లోపలికి దిగుతుంది. అడుగున్నర రెండడుగుల మందం, జిగురు దాదాపు ఉండదు, నిండా టానిన్ అనే వగరు పదార్థం, అందుకే పురుగు పట్టదు, నిప్పు త్వరగా అంటుకోదు. ప్రతి చెట్టు మొదట్లోనూ నల్లగా కాలిన మచ్చ ఉంది, కొన్నింట్లో ఆ మచ్చ గుహంత. అలా కాలీ పైన పచ్చగా ఉన్నాయి. బాబాయ్ అక్కడ చాలాసేపు ఆగిపోయాడు.

కింద పడున్న కాయలు చూసి జనం మోసపోతారు, మూర పొడుగున్న పెద్ద కాయలుంటాయి, అవి షుగర్ పైన్‌వి. సెకోయా కాయ కోడిగుడ్డంతే. గింజలైతే పౌను తూకానికి 91 వేలు. ఆ కాయలు చెట్టు మీదే పచ్చగా, మూసుకుని ఇరవై ఏళ్ళ దాకా ఉండిపోగలవు. ఒక ఉడుత పైనుంచి ఒకటి తర్వాత ఒకటి కాయలు కొరికి కింద పారేస్తుంటే దాని పని చూస్తూ నిలబడ్డాం. ఉడుతలు, ఒక రకం పురుగు కొన్ని కాయల్ని తెరుస్తాయి, కానీ అసలు తెరిచేది మంట. కింద మంట నడిచినప్పుడు లేచే వేడిగాలికి కాయలు ఎండి విచ్చుకుని, ఆ తర్వాత రోజుల్లో గింజలు వానలా రాలతాయి. అప్పటికి కింద ఆకు చెత్తంతా కాలిపోయి నేల తేలి ఉంటుంది, ఎండ కూడా పడుతుంది, ఈ గింజకి కావల్సింది సరిగ్గా అదే.

మూడో రోజు

రాత్రి క్యాంపులో ఎలుగుబంటి పెట్టె గురించి గొడవైంది. తినేవే కాదు, పేస్టు, సబ్బు, కొబ్బరినూనె లాంటి వాసనొచ్చేవన్నీ ఇనప పెట్టెలో పెట్టి గొళ్ళెం వెయ్యాలి, కార్లో వదలకూడదు. పిన్ని ఆవకాయ సీసా పెట్టనంది. "ఎలుగుబంటికి ఆవకాయ ఏంటత్తయ్యా" అంది మా ఆవిడ. "అందుకే గదమ్మా, తింటే దానికే ప్రమాదం" అని బాబాయ్ తీసుకెళ్ళి పెట్టొచ్చాడు.

పొద్దున్నే మోరో రాక్ ఎక్కాం. గ్రానైట్ గుండు, 350కి పైగా మెట్లు, 1931లో రాతిలోకే చెక్కి కట్టినవి. పైనుంచి గ్రేట్ వెస్టర్న్ డివైడ్ శిఖరాలు మంచుతో కనపడతాయి. అలాస్కా వదిలేస్తే అమెరికాలో అన్నిటికంటే ఎత్తైన శిఖరం మౌంట్ విట్నీ ఈ పార్కు అంచునే ఉన్నా ఇక్కణ్ణుంచి కనపడదు, ఆ శిఖరాల వెనక దాక్కుంది. ఇంకోవైపు కొండల మీద బూడిదరంగు మచ్చలు, కార్చిచ్చు దాటెళ్ళిన చోట్లు. బాబాయ్ చూపు వాటి మీదే.

అక్కడ మొదలైన వాదన క్రెసెంట్ మెడో దాకా సాగింది. సంగతేంటంటే, పూర్వం ఈ అడవుల్లో పిడుగుల వల్లా, ఇక్కడి మూలవాసులు కావాలని పెట్టటం వల్లా పది ఇరవై ఏళ్ళకోసారి చిన్న మంట నేల మీద పాకిపోతుండేది. పార్కు పెట్టాక చెట్లని కాపాడాలని కనపడ్డ ప్రతి మంటా ఆర్పేశారు. డెబ్బై ఏళ్ళు గడిచాక 1960ల్లో శాస్త్రవేత్తలు చూస్తే కొత్త సెకోయా మొక్క దాదాపు లేదు, కింద ఫర్ చెట్లు, చెత్త గుట్టలు పేరుకుపోయాయి. అప్పట్నుంచి పార్కువాళ్ళే రోజు చూసుకుని, గాలి చూసుకుని నిప్పు పెట్టటం మొదలెట్టారు. కానీ అన్ని గ్రోవ్‌లకీ చెయ్యలేకపోయారు. 2020లో క్యాసిల్ ఫైర్ వచ్చింది, కరువుకి ఎండిన అడవి, కింద పేరుకున్న చిన్న చెట్లు నిచ్చెనలా మంటని కొమ్మల దాకా తీసుకెళ్ళాయి. ఆ ఒక్క ఏడాదే పెద్ద సెకోయాలు 7,500 నుంచి 10,600 దాకా చచ్చిపోయాయని అంచనా, అంటే ఉన్నవాటిలో పది శాతం పైన. తర్వాతేడాది మంటల్లో ఇంకో రెండు మూడు వేలు. వేల ఏళ్ళలో ఎన్నో మంటలు చూసిన చెట్లు.

"మేం ఎండాకాలమొస్తే ఫైర్ లైన్లు గీసి, వాచర్లని పెట్టి, పొగ కనపడితే రొట్టలు పట్టుకుని పరిగెత్తేవాళ్ళం, ఆర్పితే పని చేసినట్టు లెక్క. ఇక్కడ డిపార్ట్‌మెంటే అంటిస్తదంట" అన్నాడు బాబాయ్. మన అడవి వేరు ఈ అడవి వేరు కదా బాబాయ్ అన్నాను. "వేరేలేరా, నాకు తెలీదా. కానీ చెంచులు గూడా చెప్పేవాళ్ళు, ఎండ ముదరక ముందు కొంచెం కాలిస్తే మంచిదని. మేం కేసులు పెట్టేవాళ్ళం." నాకు జవాబు తోచలేదు. ఆయన కూడా జవాబు కోసం అన్నట్టు లేదు.

నాకైతే ఒక్కటి స్పష్టంగా కనపడింది. 2021 మంట జయంట్ ఫారెస్ట్ అంచుకొచ్చినప్పుడు రేకు దుప్పట్లకే పేరొచ్చింది గానీ, అసలు పని చేసింది అంతకు ముందు దశాబ్దాలుగా అక్కడ పెట్టుకుంటూ వచ్చిన చిన్న మంటలు. కాలటానికి కింద సరుకు తక్కువుంది కాబట్టి పెద్ద మంట చప్పబడింది. ఫొటో పడేది దుప్పటికే, ఏం చేస్తాం.

క్రెసెంట్ మెడో పచ్చటి గడ్డి మైదానం, అంచుల్లో సెకోయాలు. ఈ కొండల గురించి పుస్తకాలు రాసిన జాన్ మ్యూర్ దీన్ని సియెర్రాకే మణి అన్నాడట. బాగుంది, దోమలు కూడా బాగున్నాయి. పైన్ల కింద నేల చీల్చుకుని నెత్తురు ఎరుపులో స్నో ప్లాంట్ కనపడింది, ఆకుపచ్చ అస్సలు ఉండదు, నేలలోని బూజుల మీద బతుకుతుంది. మైలు నడిస్తే థార్ప్స్ లాగ్, హేల్ థార్ప్ అనే పశువుల కాపరి పడిపోయిన సెకోయా బోదెలోనే ఇల్లు కట్టుకుని వేసవులు గడిపాడు. లోపల మంచం, బల్ల, పొయ్యి, కిటికీ. పిన్ని దూరి చూసి "వంటగది నయం" అంది. వచ్చేటప్పుడు టనెల్ లాగ్, 1937లో రోడ్డుకి అడ్డంగా పడ్డ చెట్టు, తీయటం ఎందుకని 1938లో దాంట్లోనే దారి కోసేశారు. ఎనిమిదడుగుల ఎత్తు, మా కారు పట్టింది, అందరిలాగే ఫొటో తీసుకున్నాం.

చివరి రోజు

జెనరల్స్ హైవే మీద ఉత్తరానికి. రెడ్‌వుడ్ మౌంటెన్ వ్యూపాయింట్ దగ్గర ఆగితే కింద లోయలో ఒక పెద్ద గ్రోవ్, దాంట్లో చాలా భాగం నల్లటి కర్రలు. 2021 మంటే. ఇలాంటి చోట్ల మొక్కలు నాటాలా, దానంతటదే వచ్చేదాకా వదిలెయ్యాలా అని ఇక్కడ పెద్ద తగువు నడుస్తోంది. తల్లిచెట్లే చచ్చిపోతే గింజ ఎక్కణ్ణుంచి వస్తది, నాటాల్సిందే అని బాబాయ్ తీర్పు. నాకు అంత ధైర్యం లేదు.

గ్రాంట్ గ్రోవ్‌లో జనరల్ గ్రాంట్ చెట్టు, మొదలు అడ్డం 40 అడుగులు, ఈ లెక్కలో షెర్మన్ కంటే వెడల్పు. 1926లో దీన్ని దేశపు క్రిస్మస్ చెట్టుగా ప్రకటించారు. పక్కనే ఫాలెన్ మోనార్క్, బోలు మాను, ఒక చివర దూరి ఇంకో చివర నడుచుకుంటూ బయటికి రావచ్చు, ఒకప్పుడు గుర్రపు దళం వాళ్ళు దీంట్లో గుర్రాల్ని కట్టేశారు.

మేం ఎక్కువసేపు ఉన్నది మాత్రం నరికిన చోట్ల. బిగ్ స్టంప్ దగ్గర మార్క్ ట్వెయిన్ అనే చెట్టు మొద్దు ఉంది, మెట్లెక్కి దాని మీద నిలబడచ్చు. 1891లో కొట్టారు, న్యూయార్క్ మ్యూజియంలో చూపించటానికి ఒక ముక్క, లండన్‌కి ఒక ముక్క. వ్యాధి కాదు, కలప అవసరం కాదు, ఇంత పెద్ద చెట్టుందంటే తూర్పు రాష్ట్రాల జనం నమ్మట్లేదని. అక్కణ్ణుంచి కన్వర్స్ బేసిన్‌కి మట్టి రోడ్డు. అక్కడ షికాగో స్టంప్. 1893 షికాగో ప్రదర్శన కోసం ఆ చెట్టు అడుగు భాగాన్ని ముక్కలుగా కోసి రైల్లో పంపి అక్కడ మళ్ళీ అతికించి నిలబెడితే, చూసినవాళ్ళు ఇది కాలిఫోర్నియా వాళ్ళ బూటకం అన్నారట, అతికించారు కదా మరి.

కన్వర్స్ బేసిన్ ఒకప్పుడు అన్నిటికంటే పెద్ద గ్రోవ్‌ల్లో ఒకటి. కంపెనీలొచ్చి వేల చెట్లు పడగొట్టాయి, దుంగల్ని కోసి నీటి తొట్టి కాలువలో 54 మైళ్ళు కింద సాంగర్ ఊరికి తేల్చారు. పోనీ ఆ కలపతో ఏమైనా గొప్పవి కట్టారా అంటే అదీ లేదు. ముసలి సెకోయా కర్ర పెళుసు, అంత బరువు నేలకి కొట్టుకోగానే పగిలి ముక్కలయ్యేది. కంచె గుంజలు, ద్రాక్ష తీగలకి ఊతకర్రలు, పైకప్పు పెంకులు. కంపెనీలకి లాభం కూడా రాలేదు. బాబాయ్ మొద్దుల మధ్య తిరుగుతూ ఇది ఎప్పుడు కొట్టుంటారు, ఏ వైపు పడేశారు అని రంపపు గాట్లు చూసి చెప్తున్నాడు, పాత కేసు తవ్వుతున్నట్టు.

బేసిన్‌లో కొట్టకుండా వదిలేసిన కొద్ది చెట్లలో ఒక మహావృక్షం ఉంది, బూల్ ట్రీ, రెండున్నర మైళ్ళ నడక. 269 అడుగులు. ఫ్రాంక్ బూల్ అనే ఆయన పేరు పెట్టారు, ఆయనెవరంటే చుట్టూ ఉన్నవన్నీ కొట్టించిన కంపెనీ మేనేజరు. బాబాయ్‌కి ఇది చెప్తే ఒక్క క్షణం ఆగి "మా రేంజిలో కాంట్రాక్టర్ పేరు మీద కూడా ఒక బావి ఉండేదిలే" అన్నాడు.

వెళ్ళాలనుకునే వాళ్ళకి నాలుగు ముక్కలు. పార్కు లోపల పెట్రోల్ బంకు లేదు, కిందే ట్యాంకు నింపుకోండి. షటిల్ వేసవిలో రోజూ ఉంటుంది, పార్కింగ్ గొడవ లేకుండా దాంట్లో తిరగండి. జూన్‌లో పైన రాత్రిళ్ళు స్వెట్టర్ కావాలి, కింద త్రీ రివర్స్‌లో ఫ్యాను కూడా చాలదు, రెండిటికీ బట్టలుండాలి. చలికాలం ఐతే టైర్లకి గొలుసులు తప్పనిసరిగా కార్లో ఉండాలి, కన్వర్స్ బేసిన్ మట్టి రోడ్లు మంచుకి మూసేస్తారు. ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల రాదు, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఒక్కరోజే ఉందంటే షెర్మన్, కాంగ్రెస్ ట్రెయిల్. రెండో రోజు దొరికితే మోరో రాక్ కంటే ముందు ఆ మొద్దుల దగ్గరికే పొమ్మంటాను, మా ఆవిడ మాత్రం మోరో రాకే అంటోంది.